పుట్టగొడుగుల దారిలో టమాటా తోట

ఆగస్టు నెల. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. కొత్తగూడెంలో బస్సు మారి భద్రాచలం వైపు వెళ్తున్నాను. పాల్వంచ దాటింది. జగన్నాథపురం దగ్గర పెద్దమ్మతల్లి గుడి దాటింది. రోడ్డుకి రెండువైపులా చెట్లు దగ్గరపడుతున్న చోట డ్రైవరు ఉన్నట్టుండి బస్సు ఆపేశాడు. టైరు పోయిందేమో అనుకున్నాను. కాదు... పుట్టగొడుగులు!

రోడ్డు పక్కన ఓ అమ్మాయి మోదుగాకుల మీద కుప్పలు పోసుకుని కూర్చుంది. తెల్లగా, పొడవాటి కాడలతో, మట్టి ఇంకా అంటుకునే ఉంది. డ్రైవరు రెండు కుప్పలు, కండక్టరు ఒకటి, ముందు సీట్లోని పంతులుగారు మూడు. "వారం రోజులేనండీ ఇవి దొరికేది. కోడికూర కూడా దీనిముందు దిగదుడుపే" అన్నాడాయన నావైపు తిరిగి. బస్సంతా వానమట్టి వాసన.

పుట్టగొడుగు అనే మాటలోనే దాని కథంతా ఉంది. పుట్టలోని చెదపురుగులు ఎండుటాకుల్నీ పుల్లల్నీ నమిలి, మెత్తని దిబ్బలు కట్టి, వాటి మీద ఒక బూజును పెంచుతాయి. ఆ బూజే వాటికి తిండి. వానలు పడగానే ఆ బూజు భూమిని చీల్చుకుని పైకి పంపేదే మనం కూర వండుకునే గొడుగు. అంటే పొలం, ఎరువు, పంట... చెదపురుగులకు వ్యవసాయం మనకంటే ముందే తెలుసు!

ఈ సంగతులేవీ ఏడాది కిందటి వరకూ నాకు తెలీవు. తెలుసుకోవాల్సి వచ్చింది. మా పిన్ని టమాటా తోట చచ్చిపోయింది కాబట్టి.

తలవాల్చిన తోట

మా బాబాయి వాళ్ల ఊరు పాల్వంచకీ బూర్గంపాడుకీ మధ్య, మెయిన్ రోడ్డు దిగి కొంచెం లోపలికి వెళ్తే వస్తుంది. ఒకవైపు పత్తిచేలు, మరోవైపు అడవి. మధ్యలో కిన్నెరసానిలో కలిసే చిన్న వాగు. కిన్నెరసాని అంటే విశ్వనాథవారి పాటల్లోని కిన్నెరే! పాల్వంచ దగ్గర ఆనకట్ట నీళ్లు, చుట్టూ అభయారణ్యం, జింకల పార్కు... సెలవురోజుల్లో జనం కార్లేసుకుని వచ్చేది అక్కడికే. ఆ నీళ్లన్నీ చివరికి బూర్గంపాడు దగ్గర గోదారిలో కలుస్తాయి.

అడవి అంచు అంటే మనం బొమ్మల్లో చూసే అడవి కాదు. ఇక్కడ టేకు, మద్ది, తునికి, ఇప్ప ఉంటాయి. వాటిని ఆనుకునే వరసలు దిద్దినట్టు జామాయిల్ తోటలుంటాయి. సింగరేణి బొగ్గు లారీలు, సారపాకలోని కాగితం మిల్లుకి కర్ర మోసే లారీలు ఒకదాని వెనక ఒకటి. పాత ఖమ్మం జిల్లా ఇది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయ్యింది. పేరు మారినా మట్టి మారలేదు. ఎర్ర చల్క, అక్కడక్కడ నల్లరేగడి.

బాబాయికి రెండెకరాలు. ఎకరంన్నర పత్తి ఆయనది. మిగతా అర ఎకరం పిన్నిది. అంటే పట్టా పిన్ని పేరున ఉందని కాదు. ఆ అర ఎకరంలో టమాటా, వంగ, మిరప వేసేది, తెంపేది, గంపకెత్తి సంతలో అమ్మేది ఆవిడే. ఆ డబ్బూ ఆవిడదే. పత్తి డబ్బు ఏడాదికోసారి వచ్చి అప్పుల్లోకి పోతుంది. కూరగాయల డబ్బు వారంవారం వచ్చి ఇంట్లోకి పోతుంది. మా చెల్లెలు నర్సింగు చదువుతోందంటే ఆ గంప మీదే!

పోయినేడాది కార్తీకమాసంలో వనభోజనాలని వెళ్లాను. పొలంలోకి అడుగు పెట్టగానే నవ్వు ఆగిపోయింది. చెట్టు నిండా పిందెలున్నాయి. కానీ తలలు వాలిపోయి ఉన్నాయి.

"మధ్యాహ్నం ఎండకి వాలిపోద్ది. సాయంత్రానికి మళ్లీ లేస్తది. ఎండదెబ్బ అనుకున్నాం. నీళ్లు చాల్లేదేమోనని ఇంకా పెట్టాం. నాలుగు రోజులు పోయాక సాయంత్రం కూడా లేవడం మానేసినయ్" అంది పిన్ని. ముందు కింది ఆకులు పసుపుపచ్చగా మారాయట. అది కూడా కొన్ని కొమ్మలకి ఒకవైపే. అలా ఒక చెట్టు, దాని పక్క చెట్టు, తర్వాత సాలుకి సాలు.

ఇది మొదటిసారి కాదు. వరసగా మూడో ఏడు. మొదటి ఏడు ఒక మూల. రెండో ఏడు సగం. మూడో ఏడు మొత్తం. మందుల దుకాణంలో ఏది ఇస్తే అది మొదళ్లలో పోశారు. బాకీ రాసిన చీటీ ఇంట్లో దేవుడి పటం వెనక ఉంది.

"ఇంకెందుకురా ఈ తంటా! జామాయిల్ పెట్టేస్తా. నాలుగేళ్లు అటు చూడక్కర్లేదు. నరికినప్పుడు డబ్బొస్తది" అన్నాడు బాబాయి. మొక్కలిచ్చే మనిషితో మాట్లాడి కూడా వచ్చాడట.

"నాలుగేళ్లు అటు చూడక్కర్లేదు సరే, ఈ నాలుగేళ్లూ సంతకి నేనేం పట్టుకుపోను? ఫీజుకి జామాయిల్ ఆకులు కడతారా?" అంది పిన్ని. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తిన్లేదు.

గ్లాసు నీళ్లలో నిజం

మర్నాడు తెలిసినవాళ్ల ద్వారా ఒక వ్యవసాయ శాస్త్రవేత్తని తీసుకొచ్చాం. ఈ ప్రాంతానికి ఆ విషయంలో లోటు లేదు. వైరాలో కృషి విజ్ఞాన కేంద్రం, అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల, మధిరలో పరిశోధనా కేంద్రం ఉన్నాయి. అయినా మనం ముందు పరిగెత్తేది మందుల దుకాణానికే!

వచ్చినాయన ఏ మందూ చెప్పలేదు. వాలిన చెట్టొకటి పీకించాడు. మొదలు దగ్గర కాండాన్ని చాకుతో నిలువునా చీల్చాడు. లోపల పచ్చగా ఉండాల్సిన చోట గోధుమరంగు చారలు. తర్వాత ఒక గాజు గ్లాసులో తేటనీళ్లు అడిగాడు. జానెడు కాండం ముక్క కోసి, కోసిన కొన నీళ్లలో మునిగేలా పట్టుకున్నాడు. అయిదు నిమిషాలు... పది నిమిషాలు... అందరం గ్లాసు వైపే చూస్తున్నాం. నీళ్లు తేటగానే ఉన్నాయి.

"పాలదారంలా తెల్లటి జిగురు కిందికి దిగి ఉంటే అది బాక్టీరియా ఎండు తెగులు. దిగలేదు. లోపల గోధుమ చారలున్నాయి. ఇది ఫ్యుజేరియం అనే బూజు తెచ్చే వడలు తెగులు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి. వైద్యం మాత్రం ఒకటి కాదు" అన్నాడు.

ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదీ. ఫ్యుజేరియం మట్టిలో ఉంటుంది. వేరులోంచి దూరి, నీళ్లు పైకెక్కే సన్నటి గొట్టాల్లో అల్లుకుపోతుంది. గొట్టాలు మూసుకుపోతాయి. మొదట్లో నీళ్లున్నా మొక్క దాహంతో చస్తుంది. మొక్క చచ్చినా బూజు చావదు. మందమైన గోడల బీజాలు కట్టుకుని ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోతుంది. మళ్లీ టమాటా వేరు వాసన తగిలితే లేస్తుంది. మూడేళ్లు వరసగా అదే మడిలో టమాటా వేయడమంటే దానికి ఏటా పిలిచి భోజనం పెట్టడమే!

"మరి మేం పోసిన మందులు?" అన్నాడు బాబాయి.

"గొట్టాల లోపలికి చేరాక పైన పోసింది పెద్దగా పనిచెయ్యదు. పైగా ఆ మందులు మట్టిలో ఉన్న మంచి బూజుల్ని కూడా చంపుతాయి" అన్నాడాయన.

మంచి బూజులా? మాకెవరికీ అర్థం కాలేదు.

ఒకే మనిషి, రెండు బూజులు

ఈ కథలో ఒక ముచ్చట ఉంది. మన దేశంలో వడలు తెగులు బూజుల మీద మొదట లోతుగా పని చేసినవాడు ఎడ్విన్ జాన్ బట్లర్ అనే ఐరిష్ శాస్త్రవేత్త. 1901లో మన దేశానికి వచ్చాడు. బీహార్‌లోని పూసాలో పని చేశాడు. కందిచేలు పూతకొచ్చే వేళ నిలువునా ఎందుకు ఎండుతున్నాయో తవ్వి చూసి, ఆ బూజుకి 1910లో పేరు పెట్టాడు. మనవాళ్లు కంది ఎండు తెగులు అనేది దాన్నే. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆ తెగులుని తట్టుకునే కంది రకాల కోసం ఏళ్ల తరబడి శ్రమించింది.

అదే బట్లర్ 1939లో మరో పెద్ద వ్యాసం రాశాడు. ఈసారి చంపే బూజుల గురించి కాదు. వేళ్లలోనే ఉంటూ మొక్కకి మేలు చేసే బూజుల గురించి! శత్రువుని పరిచయం చేసిన మనిషే మిత్రుణ్ణి కూడా పరిచయం చేశాడన్నమాట.

ఆ మిత్రుడికి మైకోరైజా అని పేరు పెట్టింది మాత్రం ఇంకా ముందు, 1885లో, జర్మనీకి చెందిన ఫ్రాంక్. గ్రీకులో బూజు, వేరు అనే రెండు మాటలు కలిపాడు. మన పుట్టగొడుగుల్లా అక్కడ భూమిలో దొరికే ఖరీదైన ట్రఫుల్స్‌ని పండించే దారి కనిపెట్టమని ప్రభుత్వం ఆయనకి పని అప్పజెప్పింది. ట్రఫుల్ పంట సంగతి అటుంచి, ఆయనకి చెట్ల వేళ్ల చుట్టూ తొడుగులా అల్లుకున్న బూజు కనిపించింది. వేరు దానికి చక్కెర ఇస్తోంది. అది వేరుకి నీళ్లూ పోషకాలూ తెచ్చిస్తోంది.

అంత దూరం ఎందుకు? భద్రాచలం దాటి ఉత్తరానికి వెళ్తే ఛత్తీస్‌గఢ్. బస్తర్ సాల్ అడవుల్లో తొలకరికి ‘బోడా’ అని గోలీకాయల్లాంటి పుట్టగొడుగులు దొరుకుతాయి. జగదల్‌పూర్ బజార్లో మాంసం కంటే ఎక్కువ ధర పలుకుతాయి. అవి సాల్ చెట్టు వేళ్లతో పొత్తు పెట్టుకున్న బూజు కాసే కాయలే. పొత్తు లేనిచోట బోడా లేదు!

గట్టు మీద పాఠం

వాగు అవతల పొలం ఒక కోయ పెద్దాయనది. బాబాయికి వరస కలిపిన అన్న. ఆయన టమాటా చెట్లు నిక్షేపంగా ఉన్నాయి. రకం అదే, వాన అదే. ఎందుకలా?

"నేనేం చెయ్యలేదయ్యా. డీఏపీకి డబ్బుల్లేక వెయ్యలేదు. ఒకేడు జొన్న, ఒకేడు కూరగాయలు. పెంట తోలుకుంటా. గట్టు మీద చెట్లు కొట్టలేదు" అన్నాడాయన. గట్టు మీది చెట్టు కింద ఆకుల దిబ్బని కర్రతో పక్కకి తోసి చూపించాడు. కింద మట్టి నల్లగా, పిడికిట్లో పడితే అటుకుల్లా విడిపోతోంది. ఆకుల మధ్య తెల్లటి దారాలు.

"ఇవేనా ఆ మంచి బూజులు?" అని సంబరంగా ఫొటో తీసి శాస్త్రవేత్తకి పంపాను. ఆయన నవ్వాడు. అవి ఆకుల్ని కుళ్లబెట్టి ఎరువు చేసే బూజులట. మంచివే కానీ మనం వెతుకుతున్నవి కావు. టమాటా, వంగ, మిరప వేళ్లలో ఉండేవి కంటికి కనిపించవు. "ఒకసారి ల్యాబుకి రా" అన్నాడు.

వెళ్లాను. పెద్దాయన పొలంలోని మొక్క వేళ్లని ఉడికించి, నీలం రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్లలో ఉంది. వేరు కణాల్లో బుల్లి బుల్లి నీలం చెట్లు! కాండం, కొమ్మలు, రెమ్మలు... ఒక్కో గదిలో ఒక్కో చెట్టు. వాటి శాస్త్రీయ నామానికి అర్థం కూడా చిన్నచెట్టు అనే. ఆ రెమ్మల దగ్గరే బేరం జరుగుతుంది. బూజు భాస్వరం ఇస్తుంది, వేరు చక్కెర ఇస్తుంది. ఆ బూజు పోగులు వేరు నూగు కంటే సన్నం. వేరు వెళ్లలేని మట్టి సందుల్లోకి వెళ్లి భాస్వరం ఏరుకొస్తాయి. ఈ పొత్తు కొత్తదేమీ కాదు. స్కాట్లండులోని రైనీ అనే చోట దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఇలాంటి బూజులున్నాయి. అప్పటికి మొక్కలకి సరైన వేళ్లు కూడా లేవు!

తర్వాత మా పిన్ని మొక్క వేరు చూపించాడు. ఒకటీ అరా తప్ప చెట్లు లేవు. ఖాళీ గదులు.

కారణాలు మనం తెచ్చిపెట్టుకున్నవే. భాస్వరం ఎరువు అడక్కుండానే మొదట్లో కుమ్మరిస్తే వేరుకి బూజుతో బేరం ఎందుకు? తలుపేసుకుంటుంది. పదేపదే దున్నితే పోగులు తెగుతాయి. బూజు మందు పోస్తే మంచివీ పోతాయి. పొత్తు పోయాక కాపలా కూడా పోతుంది. ఈ బూజులు ఉన్న వేరులో శత్రువుకి చోటు తక్కువ. పైగా అవి దూరేటప్పుడే మొక్క ఒళ్లు విరుచుకుని మేలుకుంటుంది. తర్వాత ఫ్యుజేరియం వచ్చినా త్వరగా ఎదుర్కొంటుంది. మన పిల్లలకి టీకా లాంటిదే అనుకోవచ్చు. అయితే టీకా వేయించుకున్నవాళ్లకి కూడా ఒక్కోసారి జ్వరం వస్తుందని మర్చిపోకూడదు.

పాలకి తోడేసినట్టు

పిన్ని అడిగింది ఒకే ప్రశ్న. "అయితే ఆ బూజుని మన మట్టిలో మళ్లీ వెయ్యొచ్చా?"

వెయ్యొచ్చు. కానీ అది ప్రాణమున్న వేరు మీద తప్ప పెరగదు. గిన్నెలో పెంచుదామంటే కుదరదు. పాలకి తోడేసినట్టు, కొద్దిగా తెచ్చి మొక్కజొన్న వేళ్ల మీద పెంచుకోవాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో ఇలాంటివి రైతులే పొలంలో తయారుచేసుకునేలా శిక్షణ ఇస్తారు.

ఫిబ్రవరిలో పెరట్లో చిన్న గుంత తవ్వి, టార్పాలిన్ పరిచి, ఎండబెట్టిన ఇసుకా మట్టీ నింపాం. తోడు చల్లి మొక్కజొన్న గింజలు పెట్టాం. మూడు నెలలు నీళ్లు పోయడం పిన్ని పని. చివర్లో పది రోజులు నీళ్లు ఆపేసి, పైన కోసి పశువులకేసి, వేళ్లని మట్టితో సహా ముక్కలు చేసింది. "ఇంతేనా? ఇది మట్టేగా!" అన్నాడు బాబాయి. చూడ్డానికి నిజంగానే మట్టి.

దీనికి తోడుగా శాస్త్రవేత్త ఇంకో బూజుని చెప్పాడు. ట్రైకోడెర్మా. దీని పేరు చాలామంది రైతులు వినే ఉంటారు. ఇది వేరు లోపల చెట్లు కట్టే రకం కాదు. వేరు చుట్టూ మట్టిలో కాపలా తిరిగే రకం. చెడ్డ బూజు పోగుల్ని చుట్టుకుని తినేస్తుంది. 1932లో వైన్‌డ్లింగ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టాడు. దీన్ని పెంచడం తేలిక. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీడలో కుప్ప పోసి, నీళ్లు చిలకరించి, గోనెపట్టా కప్పితే వారం పది రోజుల్లో కుప్పంతా ఆకుపచ్చ బూజు పట్టేస్తుంది. ఎకరానికి సరిపోతుంది.

మాకు మాత్రం మొదటిసారి పట్టలేదు! వారమైనా కుప్ప కుప్పలాగే ఉంది. దుకాణంలో తెచ్చిన ప్యాకెట్టు తిప్పి చూస్తే గడువు దాటి అయిదు నెలలు. అది కూడా రేకుల షెడ్డులో, ఎండాకాలమంతా. ఆ బూజు ప్రాణి. ఎండకి చచ్చిపోతుంది. యూరియా బస్తా కొన్నట్టు కొంటే కుదరదు. తేదీ చూసి, చల్లటి చోట ఉంచింది తెచ్చుకోవాలి. మేము ఈ పాఠం డబ్బు పోసి నేర్చుకున్నాం. రెండోసారి వేరేచోట తాజాది తెచ్చాం. అయిదో రోజుకే పట్టా తియ్యగానే పచ్చటి పొడి లేచింది.

జూన్‌లో నారుమడిలో మొక్కజొన్న వేళ్ల మట్టి. జులైలో నాటేటప్పుడు గుంతకి చారెడు ఎరువు. బాబాయి ఒక షరతు పెట్టాడు. "సగం సాళ్లకే వెయ్యండి. సగం ఎప్పట్లాగే. నేను కళ్లతో చూడాలి. కాదంటే దసరాకి జామాయిల్."

నేను పుట్టగొడుగుల బస్సు దిగి వెళ్లింది అప్పుడే. వానకి తడిసిన సాళ్లు, జానెడు మొక్కలు. వేసినవాటికీ వెయ్యనివాటికీ తేడా ఏమీ కనిపించలేదు. పిన్ని వండిన పుట్టగొడుగుల కూర తిని తిరిగొచ్చాను.

కుడి సాళ్లు, ఎడమ సాళ్లు

అక్టోబరులో ఫోను. "రారా ఒకసారి" అంది పిన్ని. గొంతులో ఏముందో అర్థం కాలేదు.

వెయ్యని వైపు మళ్లీ అదే కథ. సాళ్ల మధ్య పళ్లూడిన నోరులా ఖాళీలు. లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాం. వేసిన వైపు వాలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావి మోకాలు దాటి పూత మీదున్నాయి. బాబాయి ఆ రెండు వైపుల మధ్య బోదె మీద నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అయితే కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. వేసిన వైపే, వాగు దగ్గర పల్లంలో, పది పదిహేను మొక్కలు ఒకే రోజులో పచ్చగా ఉండగానే వాలిపోయాయి. ఆకు పసుపు కూడా ఎక్కలేదు. పిన్నికి పరీక్ష తెలుసు కదా! గ్లాసులో నీళ్లు తెచ్చింది. కాండం ముంచింది. ఈసారి పాలదారం దిగింది.

బాక్టీరియా! దీన్ని మా బూజులు ఆపలేవు. ఆ మొక్కల్ని మట్టితో సహా పీకి దూరంగా తగలబెట్టాం. నీళ్లు నిలవకుండా కాలవ తీశాం. అక్కడ ఈసారి మొక్కజొన్న వెయ్యమన్నాడు శాస్త్రవేత్త. కూరగాయలే కావాలంటే అంటుమొక్కలు నాటమన్నాడు. తెగులుని తట్టుకునే వంగ వేరు మీద టమాటా తల అంటుకట్టినవి. పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో రైతులు అలాంటివి వేస్తున్నారు. ఒక్క మందుతో అన్ని జబ్బులూ పోతాయని ఎవరైనా చెబితే, అది మందుల దుకాణం భాషే. మాట్లాడేది బూజు గురించైనా సరే!

ఇంకో సంగతి. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి జాతులకి ఈ వేరు బూజుతో పొత్తే లేదు. వాటికి వేసినా దండగే.

పునుకుల దారిలో

ఈ నేలకి ఇలాంటి పని కొత్త కాదు. పాల్వంచ ప్రాంతంలోనే పునుకుల అని ఒక ఊరుంది. 1990ల చివర్లో పత్తికి పురుగుమందులు కొట్టీ కొట్టీ అప్పుల్లో, ఆస్పత్రుల్లో కూరుకుపోయిన ఊరు. ‘సెక్యూర్’ అనే స్థానిక సంస్థ, హైదరాబాదులోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ తోడు రాగా, వేపగింజల పొడి, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం లాంటివాటితో నెట్టుకొచ్చి, 2000ల తొలి ఏళ్లలో పురుగుమందుల్లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. అక్కడ ఆడవాళ్లే ముందుకొచ్చారు. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో వేలాది ఊళ్లకి పాకిన సుస్థిర వ్యవసాయ కార్యక్రమానికి దారి చూపినవాటిలో ఆ ఊరొకటి. వాళ్లు ఆకు మీది పురుగుతో పోరాడారు. మా పిన్నిది వేరు కింది పోరాటం. తేడా అంతే.

ముక్కోటి సంత

జనవరి. ముక్కోటి ఏకాదశికి ముందు రోజు. తెల్లవారుజామున ఆటోలో మూడు గంపల టమాటా, రెండు గంపల వంకాయ, వాటి మధ్య ఇరుక్కుని పిన్నీ నేనూ. మంచు కప్పిన రోడ్డు. సారపాక మిల్లు దీపాలు దాటాం. గోదారి వంతెన ఎక్కాం. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన ఇది. అంతకుముందు రాములవారిని చూడాలంటే పడవే గతి. వంతెన మీదినుంచి చూస్తే నది మీద పొగమంచు, అవతల గుట్ట మీద గుడి గోపురం. పాల్వంచ పరగణా తహశీల్దారుగా వచ్చిన కంచర్ల గోపన్న కట్టించిన గుడి.

ఆ సాయంత్రం గోదారిలో తెప్పోత్సవం. మర్నాడు తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. ఊరంతా జనం. కొంటా వైపు నుంచి వచ్చిన ఆదివాసులు, గుంటూరు వైపు నుంచి వచ్చిన భక్తులు, సత్రాల్లో వంటవాళ్లు. కూరగాయలకి ఇంతకంటే మంచిరోజు ఉండదు. పిన్ని గోనెపట్టా పరిచి కుప్పలు పోసింది. తొమ్మిది దాటకుండానే రెండు గంపలు ఖాళీ.

ఒక సత్రం వంటాయన టమాటా నొక్కి చూసి, "మందులు కొట్టినవా?" అని అడిగాడు.

"మందులా? వీటికి బూజు పట్టించాం!" అంది పిన్ని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిన్నికి అప్పుడర్థమైంది తనేమందో. పక్కనున్న వాళ్లంతా నవ్వులు. "కాయకి కాదయ్యా, వేరుకి!" అని ఆవిడ మొదలుపెట్టింది. గ్లాసు నీళ్ల దగ్గర్నుంచి నీలం చెట్ల దాకా చెప్పేసరికి ఆయన పది కిలోలు తూయించుకున్నాడు.

మధ్యాహ్నం డబ్బు లెక్కపెట్టింది. ఫీజు సరిపోలేదు. మందుల దుకాణం బాకీ ఇంకా ఉంది. కానీ మూడేళ్లలో మొదటిసారి కొంగుముడి బరువుగా ఉంది. ముందు ఫీజుకి కొంత పక్కన పెట్టింది. మిగిలిన దాంట్లో ఒక వంద తీసి నా చేతిలో పెట్టి, "వేపపిండి తక్కువైంది. పోయేటప్పుడు తీసుకుందాం" అంది.

ఇంటికెళ్లేసరికి బాబాయి పెరట్లో ఉన్నాడు. పాత గుంత పక్కన ఇంకో గుంత తవ్వుతున్నాడు. జామాయిల్ సంగతి నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. "ఆ సగం సాళ్లకి కూడా కావాలిగా ఈసారి" అన్నాడంతే, పార ఆపకుండానే.

చేసి చూడాలనుకుంటే...

* మొక్క వాలగానే మందు పొయ్యకండి. ముందు కాండం చీల్చి చూడండి, గ్లాసు నీళ్ల పరీక్ష చెయ్యండి.
* విత్తన శుద్ధికి కిలో విత్తనానికి 8 నుంచి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె సరిపోతుంది. వేరు బూజుని నారుమడిలోనే వెయ్యాలి. చెట్టు పెద్దయ్యాక వేస్తే ఫలితం తక్కువ.
* వీటితోపాటే బూజు మందులు వాడకండి. రెండింటి మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి. భాస్వరం మట్టి పరీక్ష చూసుకునే వెయ్యాలి.
* టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబం. ఒకదాని తర్వాత ఒకటి అదే మడిలో వెయ్యకండి. మధ్యలో జొన్న, మొక్కజొన్న రావాలి.
* అడవి మట్టి మంచిదని అభయారణ్యంలోంచి తవ్వి తేకూడదు. అది నేరం. పైగా కొత్త తెగుళ్లు కూడా వెంట రావచ్చు.

చూసి రావాలనుకుంటే...

ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు కొత్తగూడెంలో దిగాలి. ఆ స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. దారిలో కిన్నెరసాని, పెద్దమ్మతల్లి గుడి చూడొచ్చు. వానాకాలంలో అయితే రోడ్డు పక్క మోదుగాకుల మీద పుట్టగొడుగులు కనిపిస్తే ఆగండి. కాకపోతే తెలిసినవాళ్లు ఏరినవే కొనండి. అడవిలో కనిపించిన ప్రతి గొడుగూ తినేది కాదు.